ఎన్జీవోలకు సలహాదారులు ఎక్కణ్ణుంచి వచ్చారు

స్వచ్ఛంద సంస్థకు కన్సల్టెంటును పెట్టారంటే వచ్చేది ఆడిటరో, ల్యాప్‌టాప్ పట్టుకున్న ఎంబీఏ కుర్రాడో అని ఇప్పుడు అనుకుంటాం. వెనక్కి వెళ్లి చూస్తే ఈ కొలువులో కనిపించేవాళ్లు కాలాన్ని బట్టి మారుతూ వచ్చారు. డబ్బు ఎవరిస్తే, వాళ్లడిగే లెక్క తెలిసినవాళ్లే సలహాదారులయ్యారని నాకనిపిస్తుంది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. సహాయ, పునరావాస పనుల కోసం కోస్తాలో ఎన్నో సంస్థలు దిగాయి, విదేశీ విరాళాలూ వచ్చాయి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అంతకు ముందు ఏడాదే వచ్చింది. 1984 సవరణతో కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది. ఊళ్లలో పని తెలిసిన సంస్థలకు ఈ కాగితాల పని కొత్త. చార్టర్డ్ అకౌంటెంట్ లేకుండా గడవని రోజులు అప్పుడే మొదలయ్యాయి.

ఇంకోపక్క, పెద్ద చదువులవాళ్లు పల్లెకు రావాలన్న ఆలోచన బలపడింది. పాల విప్లవ సారథి కురియన్ చొరవతో 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో గ్రామీణ నిర్వహణ చదువు చెప్పే ఇర్మా పుట్టింది. 1983లో దీప్ జోషి, విజయ్ మహాజన్ ప్రదాన్ సంస్థను పెట్టారు. ఒకాయన ఎంఐటీలో చదివారు, ఇంకొకాయన ఐఐటీ, ఐఐఎంలలో. చిన్న సంస్థలకు నిపుణుల్ని పంపి తోడ్పడటమే మొదట ప్రదాన్ పని. తర్వాత తామే నేరుగా ఊళ్లలోకి దిగారు. పక్కన కూర్చుని చెప్పడం చాలదని వాళ్లకే తోచి ఉంటుంది. మహాజన్ 1996లో హైదరాబాద్ కేంద్రంగా బేసిక్స్ అనే జీవనోపాధుల సంస్థను ప్రారంభించారు.

తెలుగు నేల ఈ రంగానికి ఇచ్చిన అసలైన కన్సల్టెంట్లు మాత్రం డిగ్రీలున్నవాళ్లు కారు. 2000లో రాష్ట్ర ప్రభుత్వ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడ్డాక పొదుపు సంఘాలు మండల సమాఖ్యల దాకా ఎదిగాయి. అప్పు తీసుకుని తీర్చి, సంఘం లెక్కల పుస్తకాలు రాయించి, గొడవలు సర్దిన మహిళలే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా బిహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లారు. ఊళ్లో వారాల తరబడి ఉండి, అక్కడి ఆడవాళ్లతో సంఘాలు పెట్టించారు. భాష రాకపోయినా పని జరిగింది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక సెర్ప్ ఇతర రాష్ట్రాలకు అధికారికంగానే వనరుల సంస్థ, అంటే దారి చూపి తోడ్పడే సంస్థ అయింది. వీళ్ల బయోడేటాలో పెద్ద చదువుల వరస ఉండదు. సొంత సంఘంలో గడిపిన ఏళ్లే అర్హత.

2014 ఏప్రిల్ నుంచి కథ మారింది. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్ఆర్) ఖర్చు పెట్టాలని కంపెనీల చట్టం చెప్పింది. దాంతో కంపెనీ భాష తెలిసినవాళ్లకు గిరాకీ పెరిగింది. 2021 నిబంధనలతో ఇంకా పెరిగింది. సగటున 10 కోట్లు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు కోటి, అంతకు మించిన ప్రాజెక్టులకు బయటివాళ్లతో ప్రభావ మదింపు, అంటే పని వల్ల ఏం మారిందో లెక్క చేయించాలి. డాష్‌బోర్డులు, సర్వేలు తెలిసినవాళ్లకు అది చేతినిండా పని.

అదే సమయంలో, ఎఫ్‌సీఆర్‌ఏకు 2020లో చేసిన సవరణ విదేశీ నిధుల్లో పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించింది. న్యాయ, వృత్తిపరమైన ఫీజులు ఆ ఖర్చుల కిందికే వస్తాయి. జిల్లాల్లోని చిన్న సంస్థకు ఆడిటర్ ఫీజు కట్టాక మిగిలేది తక్కువ. ఊరు తెలిసిన మనిషిని సలహాకు పిలిచే ఖర్చు అక్కడే ఆగిపోతోంది.