టైమ్‌కోడ్ డ్రిఫ్ట్ అయితే కన్సోల్ మార్చేస్తారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నా, లైట్లు పాట వెనకపడుతున్నాయి. కన్సోల్ పోయినట్టుంది, ఇంకోటి దొరుకుతుందా?"

విజయవాడ, గుంటూరుల్లో వార్షికోత్సవాల సీజన్ మొదలైందంటే ఈ ఫోన్లు తప్పవు. పాటతో పాటు నడిచే టైము నంబర్లే టైమ్‌కోడ్. వాటిని చూసి కన్సోల్, అంటే లైట్లు నడిపే బోర్డు, లైట్లు మారుస్తుంది. పాటకూ లైట్లకూ తేడా వస్తే అందరూ డ్రిఫ్ట్ అనేస్తారు. చేసేది ఎక్కువగా కొత్త కుర్రాళ్లు. తెల్లారితే షో, పక్కన డ్యాన్స్ టీచర్ గారు, వెనక నిర్వాహకులు. వాళ్ల కంగారు నాకు తెలుసు. కోపమంతా "కన్సోల్ స్లో అయింది, మార్చెయ్" అని సలహా పారేసి వెళ్లిపోయేవాళ్ల మీదే.

అపోహ: డ్రిఫ్ట్ వస్తోందంటే కన్సోల్‌దే తప్పు

బయటి నుంచి ఎల్టీసీ (శబ్దం రూపంలో వచ్చే టైమ్‌కోడ్) తీసుకుంటున్నప్పుడు కన్సోల్ సొంతంగా టైము లెక్కపెట్టదు. వచ్చిన నంబరు చదివి, ఆ నంబరుకు రాసుకున్న క్యూ (లైట్ల మార్పు) వదులుతుంది. నంబరే ఆలస్యంగా వస్తుంటే ఎంత ఖరీదైన కన్సోల్ తెచ్చినా అదే ఆలస్యం. అద్దె దండగ. పైగా ఒక కంపెనీ షోఫైల్ (ప్రోగ్రామింగ్ దాచిన ఫైలు) ఇంకో కంపెనీ కన్సోల్‌లో తెరుచుకోదు కాబట్టి రాత్రంతా కూర్చుని మళ్లీ ప్రోగ్రామింగ్.

ముందు ఒక కాగితం తీసుకోండి. ట్రాక్ మొదట్లో, నడుమ, చివర్లో తేడా ఎంతుందో రాయండి. మూడు చోట్లా ఒకటే ఉంటే అది డ్రిఫ్ట్ కాదు, ఆఫ్‌సెట్. ఎక్కడో బ్లూటూతో, డిజిటల్ మిక్సర్‌లో డిలేనో ఉంది. కన్సోల్‌లో ఆఫ్‌సెట్ వేస్తే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది. ఒకచోట ఉన్నట్టుండి ఎగిరితే సిగ్నల్ తెగింది, లేదా మీకు చెప్పకుండా ఎవరో పాట కత్తిరించారు. (రెండోదే ఎక్కువ. ప్రోగ్రామింగ్ అయ్యాక "చిన్న బిట్ తీసేశాం అంతే" అంటారు.) పోనుపోను పెరుగుతుంటేనే అసలు డ్రిఫ్ట్.

గంటన్నర కూచిపూడి నృత్యరూపకం ఒకటి ఇలాగే నా దగ్గరికి వచ్చింది. మొత్తం ఒకటే ట్రాక్. మొదటి అంకంలో అంతా బాగానే ఉంది. చివరికొచ్చేసరికి బ్లాక్అవుట్ అయిదు సెకన్లకు పైగా ఆలస్యం. మంగళం అయిపోయి పిల్లలు నమస్కారం పెట్టి నిలబడ్డా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. నేను వెళ్లేసరికి రెండో కన్సోల్‌కు అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు.

విషయం ఇదీ. క్యూలు ఇంట్లో కన్సోల్ సొంత టైమర్ మీద సెకనుకు 30 ఫ్రేముల (సెకనులో చిన్న భాగాల) లెక్కన రాసుకున్నారు. సౌండ్ అబ్బాయి ఎల్టీసీ ఫైలును 29.97 నాన్‌డ్రాప్‌లో (సెకనుకు 29.97 ఫ్రేములు, ఏ నంబరూ దాటేయకుండా) తయారుచేశాడు. తేడా వెయ్యికి ఒక వంతే. కానీ గంటకు 3.6 సెకన్లు, గంటన్నరకు 5.4. అయిదు నిమిషాల పాటలో అదే తేడా 0.3 సెకన్లు, కాబట్టి విడివిడిగా రిహార్సల్ చేసినప్పుడు ఎవరి కంటికీ ఆనలేదు. ఎల్టీసీని అసలు 30లో మళ్లీ తయారుచేసి, పాట ఎడమ ఛానెల్‌లో, టైమ్‌కోడ్ కుడి ఛానెల్‌లో ఒకే వేవ్ ఫైలుగా పెట్టాం. కన్సోల్ ముట్టుకోలేదు. అడ్వాన్స్ మాత్రం వెనక్కి రాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మాట: 25 పెట్టుకోండి. మన వీడియో కూడా 25దే, డ్రాప్ గొడవే ఉండదు. ఒక్కో ఐటమ్‌ను ఒక్కో గంట నంబరు నుంచి మొదలుపెడితే ఒకదాని తేడా ఇంకోదాని మీద పడదు.

అపోహ: కన్సోల్‌లో ఫ్రేమ్ రేటు తప్పుగా పెడితే డ్రిఫ్ట్ వస్తుంది

ఇది చదువుకున్నవాళ్లు కూడా చెబుతారు. ఆ నృత్యరూపకంలో తేడా ఎల్టీసీ ఫైలు నడిచే వేగంలో ఉంది, కన్సోల్ సెట్టింగ్‌లో కాదు. 25 కోడ్‌ను 30 అనుకుని చదివితే సెకను లోపల ఫ్రేముల లెక్క తప్పుతుంది. ఎక్కువలో ఎక్కువ 0.16 సెకన్లు. తర్వాతి సెకను మొదలవగానే మళ్లీ సరి. క్యూలు తడబడతాయి గానీ తేడా పేరుకోదు. సెట్టింగ్ సరిచేయాల్సిందే, అయిదు సెకన్ల తేడాకు మాత్రం కారణం అది కాదు.

అపోహ: చవక సౌండ్ కార్డు వల్లే

పాట ఒక ల్యాప్‌టాప్ నుంచి, టైమ్‌కోడ్ ఇంకోదాని నుంచి వస్తుంటే రెండు గడియారాలు కాస్త ఎడంగా నడుస్తాయి, నిజమే. పది లక్షలకు వంద వంతుల తేడా ఉందనుకున్నా అయిదు నిమిషాల పాటలో 30 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేమ్ కూడా కాదు. రెండూ ఒకే ఫైలులో ఉంటే ఆ మాత్రం కూడా ఉండదు.

మిగతావి

డ్రాప్‌ఫ్రేమ్‌లో ఫ్రేములు పోవు, నంబర్లు దాటేస్తుందంతే, గంటకు 108. డీఎంఎక్స్ కేబుల్ (కన్సోల్ నుంచి లైట్లకు వెళ్లేది) పొడుగుకూ టైమ్‌కోడ్‌కూ సంబంధం లేదు. జనరేటర్ మీదికి మారితే టైమ్‌కోడ్ మెల్లగా నడుస్తుందనేది పుకారు. కన్సోల్ గడియారం క్రిస్టల్ మీద నడుస్తుంది, కరెంటు ఫ్రీక్వెన్సీ మీద కాదు. మారే ఆ క్షణంలో యూపీఎస్ లేక కన్సోల్ ఆగిపోతే అది వేరే ఏడుపు. ఎల్టీసీ ఛానెల్ మీద ఈక్యూ, కంప్రెసర్, నాయిస్ గేట్ పెట్టొద్దు. దాన్ని ఎంపీ3 చేయొద్దు. స్పీకర్లకు పంపొద్దు, హాలంతా కీచుమంటుంది.

ఒక్కటి మాత్రం నిజంగా టైమ్‌కోడ్‌తో కాదు. తెనాలి వైపు పద్యనాటకాలకు కూడా టైమ్‌కోడ్ కావాలని ఈమధ్య అడుగుతున్నారు. హార్మోనియం ఎదురుగా ఉంది, నటుడు రాగం ఎంతసేపు తీస్తాడో ఆయనకే తెలియదు, పైన జనం వన్స్‌మోర్ అంటే పద్యం మళ్లీ మొదలు. రికార్డు చేసిన వందన గీతానికి, సీను మార్పుల మ్యూజిక్‌కు టైమ్‌కోడ్ ఉంచుకోండి. పద్యం ఎత్తుకోగానే దాన్ని ఆపి, గో బటన్‌తో ఒక్కో క్యూ చేత్తో వదులుతూ నడపండి. ఎక్కడ ఆపాలో, ఎక్కడ మళ్లీ అందుకోవాలో క్యూషీటులో ముందే రాసి, సౌండ్ వాళ్లకు కూడా ఒక కాపీ ఇవ్వండి.