నాన్న నుంచి కొడుక్కి అందే నోట్సు

చిన్నా, స్వాతీ,

నిన్న ఫోన్లో చిన్నా అడిగాడు కదా: "తాతయ్యా, వై క్రోమోజోమ్ నాన్న దగ్గర్నుంచే వస్తుందట. మరి నీదీ, నాన్నదీ, నాదీ ఒకటేనా? మనం ఎక్కణ్ణుంచి వచ్చామో అందులో ఉంటుందా?" వై క్రోమోజోమ్ అంటే మగవాళ్ళ కణాల్లో ఉండే ఒక డీఎన్‌ఏ పోగు. నీ ప్రశ్న రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఇక్కడ మద్రాసులో క్లాసు మొత్తానికి పుస్తకాలు నాలుగైదు ఉంటే గొప్ప. ఒకడి నోట్సు చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు ఎక్కించుకునేవాళ్ళం. కారే పెన్నుతో వేళ్ళన్నీ నీలం. తళ్ళికోట యుద్ధం 1565లో జరిగితే ఒకడు 1556 అని రాశాడు. వాణ్ణి చూసి రాసిన వాళ్ళందరికీ 1556 వచ్చింది. వాళ్ళలో ఒకడు ఒక వాక్యం ఎగరగొట్టాడు. వాడి తరవాతివాళ్ళకు రెండు తప్పులూ దక్కాయి. మాస్టారు నోట్సులన్నీ బల్లమీద పరిచి, ఎవరు ఎవరిది చూసి రాశారో వరసగా చెప్పేశారు. ఒక్కరినీ తిట్టలేదు. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన సంతోషం నాకింకా గుర్తే.

వై క్రోమోజోమ్ అలాంటి నోట్సే, సుమారు 6 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలది. మిగతా క్రోమోజోములు తరతరానికీ కలగలిసిపోతాయి. ఇది మాత్రం కొసలు తప్ప దాదాపు ఉన్నదున్నట్టు నాన్న నుంచి కొడుక్కి దిగుతుంది. ఎప్పుడో ఒక అక్షరం మారితే, ఆ మార్పు వాడి కొడుకులకూ మనవలకూ వెళ్తుంది. చాలావరకు వాటివల్ల మనిషికి ఏ హానీ ఉండదు. ఏ మార్పులు ఎవరెవరిలో ఉన్నాయో చూసి వంశవృక్షం కొమ్మలు గీస్తారు, ఎన్ని పేరుకున్నాయో లెక్కపెట్టి కాలం అంచనా వేస్తారు.

ఎం168 అనే మార్పు ఆఫ్రికా బయటి మగవాళ్ళలో దాదాపు అందరికీ ఉంది. అన్నిటికన్నా పాత కొమ్మ 2013లో బయటపడింది. ఆ కొమ్మకు చెందినవాళ్ళు ఆఫ్రికాలోని కామెరూన్‌లో దొరికారు. అంటే మొదటి నోట్సు ఆఫ్రికాదే. ఇక్కడ తమిళనాడులోనే మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో పిచ్చప్పన్ గారి బృందం ఆ చుట్టుపక్కల ఒక ఊళ్ళో ఎం130 అనే మార్పును చూసింది. అదే మార్పు ఆస్ట్రేలియా ఆదివాసుల్లోనూ ఉంది! మదురై ఎక్కడ, ఆస్ట్రేలియా ఎక్కడ? వేల ఏళ్ళ కింద ఒకే తండ్రి బిడ్డలు తూర్పుకు నడిచారన్నమాట. ఇది తలుచుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టదు.

స్వాతీ, నీకు వై లేదని చిన్నబోకు. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. అది అమ్మ దగ్గర్నుంచే అందరికీ వస్తుంది, అమ్మమ్మల వరసంతా అందులో ఉంది. పైగా పది తరాలు వెనక్కి వెళ్తే ఒక్కొక్కరికీ 1024 మంది పూర్వీకుల చోట్లు ఉంటాయి. వై చెప్పేది అందులో ఒక్కడి సంగతే. దాన్ని పట్టుకుని మా వంశం గొప్పది, మాది కలవని రక్తం అనేవాళ్ళ మాట నమ్మకండి.

ఈ ఆదివారం ఒక చార్ట్ తీసుకుని కింద మీ పేర్లు రాయండి. పైన ఇద్దరు, ఆ పైన నలుగురు, అలా తెలిసినంతవరకు. నాన్నల వరస ఒక రంగు, అమ్మల వరస ఇంకో రంగు. పేర్లు తెలియకపోతే ముందు అమ్మమ్మకి ఫోన్ చేసి వాళ్ళమ్మ పేరు, ఆమె అమ్మ పేరు అడగండి.

తాతయ్య
మైలాపూర్, చెన్నై