స్లాబు పండాలంటే

ముత్తుకూరు దగ్గర మన ఊరు

చిరంజీవులు నానికి, బుజ్జికి తాత ఆశీస్సులు.

ఇక్కడ కోతలు మొదలయ్యాయి. మిషన్ మన చేలోకి ఎప్పుడొస్తుందో తెలియక గట్టు మీదే కాపలా కాస్తున్నాను. అందుకే స్లాబు వేసే రోజు నెల్లూరు రాలేకపోయాను. మీ నాన్న ఫోన్‌లో అంతా చూపించాడులే. మిల్లర్ గిరగిరా తిరగడం, ఆడవాళ్ళు బాండ్లీలు అందించుకోవడం, మేస్త్రి కేకలు. అంతలో నాని ఫోన్ లాక్కుని పక్కకెళ్ళి గుసగుసగా అడిగాడు: "తాతా, సిమెంటు బస్తా మీద ఫ్లై యాష్ అని రాసుంది. అంటే బూడిదేగా? నాన్నని మోసం చేశారా?"

నాన్నకి టెన్షన్ పెట్టకూడదని మెల్లగా అడిగావు చూడు, అది నాకు నచ్చింది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని ఈ ఉత్తరం.

మోసం కాదు నాన్నా. దాచి కలిపితే మోసం. వాళ్ళు బస్తా మీద అచ్చేసి మరీ చెబుతున్నారు. ఆ రకం సిమెంటులో నూటికి 15 నుంచి 35 పాళ్ళ దాకా బూడిద ఉండొచ్చని మన దేశపు ప్రమాణమే ఒప్పుకుంది. 50 కిలోల బస్తాలో అది ఎంతవుతుందో బుజ్జి లెక్క కట్టాలి. ఏడున్నర నుంచి పదిహేడున్నర కిలోలు వస్తే సరిగ్గా చేసినట్టు.

మరి బూడిదతో ఇల్లు ఎలా నిలుస్తుంది? పుస్తకంలో ఉన్నట్టు చెబితే మీకూ నిద్రొస్తుంది, నాకూ నిద్రొస్తుంది. అవ్వ ఆకువక్క పెట్టె దగ్గరికి రండి.

వక్క ఒక్కటే నమిలితే ఒట్టి వగరు. ఆకుతో కలిపి నమిలినా పచ్చగా నలుగుతుందే గాని ఎర్రబడదు. గోటి మొనంత సున్నం తగలాలి, అప్పుడే నోరు పండుతుంది. సిమెంటులోనూ ఇదే జరుగుతుంది. సిమెంటు నీళ్ళు తాగి గట్టిపడేటప్పుడు తన ఒంట్లోంచి కొంత సున్నాన్ని బయటికి వదులుతుంది. ఆ సున్నం లోపలి ఇనుముకి తుప్పు పట్టకుండా కాస్త కాపలా కాస్తుంది గాని, బరువు మోసే పని దానిది కాదు. పైగా నీళ్ళు ఊరే చోట కరిగి బయటికొచ్చేస్తుంది. పాత నీళ్ళ ట్యాంకుల కింద తెల్లటి చారలు చూశారుగా, చాలాసార్లు అది ఇదే.

బూడిద ఇక్కడ వక్కలాంటిది. ఒట్టి నీళ్ళు పోస్తే బురదగానే పడుంటుంది. సున్నం తగిలితే లేచి కూర్చుంటుంది. రెండూ కలిసి, సిమెంటులో పుట్టే జిగురులాంటిదే ఇంకొంచెం పుట్టిస్తాయి. ఆ జిగురు కాంక్రీటులోని సన్న సందుల్ని పూడుస్తుంది. సందులు పూడితే ఉప్పు చెమ్మ ఇనుము దాకా పోలేదు. సముద్రం పక్కనున్న మనకి ఇది చిన్న సంగతేం కాదు.

"మరి ఆకు ఏది తాతా?" అని బుజ్జి అడుగుతుంది, నాకు తెలుసు. ఇసుక, కంకర ఆకు అనుకోండి. అన్నిటినీ చుట్టి పట్టుకునేది ఆకేగా. ఊహూఁ, కంకర దేన్నీ చుట్టదు, దాన్నే మనం చుట్టాలి. సరే, ఆకుని వదిలేద్దాం. నమలడాన్ని మాత్రం వదలొద్దు. ఆకువక్క నోట్లో పెట్టుకోగానే పండదు. ఎండిపోయిన నోట్లో అసలు పండదు. తడి ఉండాలి, టైం ఇవ్వాలి. నేను కాలవల మీద పనిచేసినప్పుడు కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల క్యూబులు పోసి, బలం చూడ్డానికి ఏడో రోజున కొన్ని, 28వ రోజున కొన్ని మిషన్‌లో పెట్టి నలగ్గొట్టేవాళ్ళం. బూడిద కలిసిన క్యూబు ఏడో రోజున వెనకబడేది. చిన్న ఇంజనీర్లు కంగారుపడేవాళ్ళు. నెల దాటి, రెండు మూడు నెలలయ్యేసరికి అది పక్కదాన్ని అందుకునేది. ఒక్కోసారి దాటిపోయేది కూడా.

సున్నం అంటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మన ఊళ్ళో సిమెంటు బస్తా అపురూపం. మా నాయన ముందు పంచ కట్టించినప్పుడు వాడింది గానుగ సున్నం. గుల్లలు కాల్చి సున్నం చేసి, గుండ్రటి కాలవలో పోసేవాళ్ళు. ఎద్దు తిరుగుతుంటే రాతి చక్రం దాన్ని నూరేది. నాకు తొమ్మిదేళ్ళు. ఎద్దు వెనకే నడుస్తూ గట్టు మీదికి చిందిన సున్నాన్ని మళ్ళీ కాలవలోకి తొయ్యడం నా పని. సాయంత్రానికి అరికాళ్ళు మండేవి, అమ్మ ఆముదం రాసేది. అందులో ఇటుక పొడి కలిపేవాళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవాళ్ళు. ఆ బెల్లం ముక్క ఒకటి నా బుగ్గలోకి చేరింది. మేస్త్రి చూశాడు. "గోడకి రావాల్సింది నీ కడుపులోకి పోయింది. ఆ మూల ఇటుక ఊడితే ఆ బొక్కలో నిన్నే పెడతా" అన్నాడు. ఇప్పటికీ పంచలోకి వెళ్ళినప్పుడు ముందు ఆ మూలే చూస్తాను. ఊడలేదు.

చెప్పొచ్చేదేమంటే, ఆ రోజు ఇటుక పొడి చేసిన పనే ఈ రోజు బూడిద చేస్తోంది. బస్తా మీద పొజ్జోలానా అని ఇంకో మాట ఉంటుంది చూడండి. ఇటలీలో పొజ్జువోలి అని ఒక ఊరు. అక్కడి అగ్నిపర్వతం బూడిదని సున్నంలో కలిపి పాతకాలం రోమన్లు సముద్రపు నీళ్ళలో కూడా కట్టడాలు కట్టారు. ఆ ఊరి పేరే మన నెల్లూరు బస్తా మీదికొచ్చి కూర్చుంది.

మన చేను గట్టు మీద నిలబడితే నేలటూరు థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడ ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. ఆ బస్తాలోని బూడిద పుట్టేది ఇలాంటి చోటే. బొగ్గుని పిండిలా విసిరి మంటలోకి ఊదుతారు. బొగ్గులో కలిసున్న మట్టి ఆ మంటలో కరుగుతుంది. కరిగిన చుక్క గాలిలో ఎగురుతూనే చల్లబడి, వాన చినుకులా గుండ్రమవుతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే అవన్నీ గాజు గోలీలు! వెంట్రుక మందం కన్నా బాగా చిన్నవి. నేను మొదటిసారి చూసినప్పుడు కాసేపు మాట్లాడలేకపోయాను. పొగలోంచి వాటిని కరెంటు పలకలతో పట్టుకుంటారు, దువ్వెనని తలకి రుద్ది కాగితం ముక్కల్ని లాగినట్టు. ఆ గోలీల వల్ల తడి కాంక్రీటు సులువుగా జారుతుంది, నీళ్ళు కూడా తక్కువ పోయొచ్చు.

ఆ బూడిద కలిపినంత మేరకు సిమెంటు కోసం సున్నపురాయి కాల్చే పని తప్పుతుంది. దానికి 1450 డిగ్రీల వేడి కావాలి. అలా కాల్చగా వచ్చే ఉండల్ని క్లింకర్ అంటారు, దాన్ని నూరితేనే సిమెంటు. టన్ను క్లింకర్ తయారైతే ఎనిమిది తొమ్మిది వందల కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. వాడకుండా గుంతల్లో నిలవేసిన బూడిదేమో ఎండిందంటే గాలికి లేచి మన ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. దానికన్నా స్లాబులో ఉండటం మేలు కదా.

ఇంతా విని ఇంట్లో బూడిద పట్టుకెళ్ళి మేస్త్రికి ఇవ్వకండి. ఆ తెలివితక్కువ పని నేను చేశాను. రిటైరైన కొత్తలో పశువుల కొట్టం నేలకి పొయ్యిలో కట్టెల బూడిద నాలుగు తట్టలు కలిపించాను, ఖర్చు తగ్గుతుందని. ఆరు నెలలకే నేల పిండి రాలింది. గేదె డెక్క పెట్టినచోటల్లా గుంత. మీ అవ్వ ఇప్పటికీ అంటుంది, "ఉద్యోగమంతా కాంక్రీటు చూసి నేర్చుకుంది ఇదా" అని. కట్టెల బూడిద గుణం వేరు. వడ్ల మిల్లు ఊక బూడిదలో ఆ పనికొచ్చే సరుకు బోలెడు ఉంటుంది గాని, అదీ సరైన వేడిలో కాలి, మెత్తగా నూరితేనే. సగం కాలి నల్లగా ఉన్నది పనికిరాదు.

ఇప్పుడు మీ పని. స్లాబు మీద మేస్త్రి మడులు కట్టి నీళ్ళు నిలబెట్టాడా? మామూలు సిమెంటుకి ఏడు రోజులు చాలంటారు, బూడిద కలిసినదానికి కనీసం పది. ఈ ఎండలకి పద్నాలుగు రోజులు మడి ఆరనివ్వొద్దు. స్కూలు నుంచి రాగానే ఎక్కి చూడండి, పెద్దవాళ్ళు పక్కనుంటేనే.

ఇంకొకటి. మిగిలిన కాంక్రీటు రెండు ముద్దలు మెట్ల పక్కన పారేశారు, ఫోన్‌లో చూశాను. ఒకదాన్ని బకెట్ నీళ్ళలో వెయ్యండి. రెండోదాన్ని ఎండలో పెట్టండి. నెల తర్వాత రెండింటి మీదా మేకుతో గీయండి. మేకు నాని పట్టుకోవాలి, బుజ్జి చూసి రాసుకోవాలి. ఏ గీత ఎంత లోతు దిగిందో నాకు ఉత్తరం రాయండి, ఫోన్ వద్దు.

మీ తాత