కుటుంబ పనితీరు ప్రశ్నావళి: వ్యాలిడేషన్ చుట్టూ అపోహలు, వాస్తవాలు

అపోహ: క్రోన్‌బాక్ ఆల్ఫా అనే అంకె 0.7 దాటితే వ్యాలిడేషన్ (ప్రశ్నావళి తాను కొలవాల్సిందాన్నే కొలుస్తోందో లేదో తేల్చడం) అయిపోయినట్టే.

వాస్తవం: పీజీ థీసిస్‌లలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే. ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పడం వరకే ఆల్ఫా పని. ఒకే మాటను నాలుగు రకాలుగా అడిగినా ఆల్ఫా పెరుగుతుంది. మనం కొలిచింది కుటుంబ పనితీరా (అంటే ఇంట్లోవాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతున్నారన్నదా), లేక జవాబిచ్చిన మనిషి ఆ రోజు మూడా అన్నది వేరే తేల్చుకోవాలి. కౌన్సెలింగ్‌కు వచ్చే కుటుంబాలకూ మిగతావాటికీ స్కోర్లలో తేడా వస్తోందా? ఇంట్లో పెద్ద మార్పేమీ లేనప్పుడు, రెండు వారాల తర్వాత అడిగినా దాదాపు అదే స్కోరు వస్తోందా? ఇవి చూడకుండా వ్యాలిడేషన్ అనకండి.

అపోహ: విదేశాల్లో వ్యాలిడేట్ అయిందే కదా, తెలుగు చేసుకుంటే చాలు.

వాస్తవం: 1983లో వచ్చిన మెక్‌మాస్టర్ ఫ్యామిలీ అసెస్‌మెంట్ డివైస్ అనే కుటుంబ ప్రశ్నావళినే తీసుకోండి. అందులో కుటుంబం మొత్తంగా ఎలా నడుస్తోందో చూసే జనరల్ ఫంక్షనింగ్ భాగానికి 12 వాక్యాలు. సగం కుటుంబంలోని మంచిని చెప్పేవి, సగం ఇబ్బందిని చెప్పేవి. "మా బాధలు ఒకరితో ఒకరం చెప్పుకోలేం" లాంటి వాక్యం చదివి వినిపిస్తే, ఎదుటివారు "లేదండీ" అంటారు. చెప్పుకోలేమనా, ఆ మాట నిజం కాదనా? ఫారం నింపేవాళ్లు తమకు తోచింది టిక్ పెట్టేస్తారు. తర్వాత ఏ వాక్యాల జవాబులు కలిసి నడుస్తున్నాయో చూసే ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌లో ఈ ఇబ్బందిని చెప్పే వాక్యాలన్నీ విడిగా ఒక గుంపు కడితే, అదేదో కుటుంబానికి సంబంధించిన కొత్త కోణం అని రాసేస్తారు. అందుకే శాంపిల్ మొదలుపెట్టకముందే కొంతమందితో కూర్చుని, "మీకేం అర్థమైంది, ఈ జవాబు ఎందుకిచ్చారు" అని ఒక్కో వాక్యానికీ అడగాలి. ఎంత టైమ్ పట్టినా సరే, ఈ మెట్టు వదలకండి.

అపోహ: ఇంట్లో ఎవరు జవాబిచ్చినా ఒకటే.

వాస్తవం: కాదు. 1978లో స్మిల్క్‌స్టీన్ అనే ఫ్యామిలీ డాక్టర్ రూపొందించిన ఫ్యామిలీ ఆప్గార్ అనే ప్రశ్నావళిలో ఉన్నవి 5 ప్రశ్నలే. వాటితో తెలిసేది ఆ ఒక్క సభ్యుడికి తన కుటుంబంపై ఉన్న సంతృప్తి. పైగా "మీ కుటుంబం" అనగానే కొత్తగా పెళ్లయిన అమ్మాయి పుట్టింటిని తలుచుకుంటుందో, అత్తింటినో! ఎవరి గురించి అడుగుతున్నామో ముందే చెప్పాలి. అత్తగారు పక్కనే కూర్చుని ఉంటే కోడలి జవాబుల్ని డేటాగా తీసుకోవద్దు. విడిగా, టెన్షన్ లేకుండా మాట్లాడే చోటు చూసుకున్నాకే అడగండి.

అపోహ: కటాఫ్ (ఏ స్కోరు దగ్గర కుటుంబంలో సమస్య ఉందనుకోవాలో చెప్పే అంకె) మాన్యువల్‌లో ఉందిగా.

వాస్తవం: అది వేరే సమాజపు కుటుంబాలను చూసి పెట్టిన అంకె. మన దగ్గర క్లినికల్ ఇంటర్వ్యూతో (నిపుణులు కుటుంబంతో నేరుగా మాట్లాడి వేసే అంచనాతో) పోల్చి చూసేదాకా ఏ కుటుంబానికీ "పనితీరు బాగాలేదు" అని రిపోర్టు రాయకండి.