బరంపురం పట్టు మెరుపుకు కొలతలు ఎందుకు దొరకవు?

ఒడిశాలోని బరంపురం పట్టుచీరను కంప్యూటర్లో త్రీడీ బొమ్మగా చూపించాలని కూర్చున్న మనవాళ్ళు ముందు వెతికేది ఒకటే: ఆ పట్టు మీద పడిన వెలుగు ఏ వైపుకి ఎంత పోతుందో ఎవరైనా కొలిచి పెట్టారా అని. దాదాపు ఏమీ దొరకదు. అక్కడి పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో చేసే బొమ్మలకైతే ఇంకా కష్టం. మనల్ని కావాలని ఎవరూ వదిలేయలేదు. కొలిచే పద్ధతులు ఏ రకం వస్తువుకి కుదిరితే ఆ వస్తువులే జాబితాల్లోకి ఎక్కాయి, అసలు సంగతి అదీ.

వెలుగు వచ్చే దిక్కు, పోయే దిక్కు, ఈ రెంటి మధ్య లెక్కని బీఆర్‌డీఎఫ్ అంటారు. 1965లో ఫ్రెడ్ నికోడెమస్ దీన్ని నిర్వచించాడు, 1977లో అమెరికా ప్రమాణాల సంస్థ ప్రచురణలో పరిభాష స్థిరపడింది. చెప్పడం తేలికే గానీ ఒక్కో దిక్కుకి రెండేసి, మొత్తం నాలుగు కోణాలు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ దీపాన్నీ సెన్సర్‌నీ తిప్పుకుంటూ పోతే కొలతలు లక్షల్లోకి వెళ్తాయి. అందుకే 1992లో గ్రెగ్ వార్డ్ సగం వెలుగుని వెనక్కి పంపే అర్ధగోళపు అద్దం, ఒక కెమెరా పెట్టి, పోయే దిక్కులన్నీ ఒకే ఫొటోలో పట్టాడు. 1999లో కొలంబియా, ఉట్రెక్ట్ యూనివర్సిటీల వాళ్ళు 61 పదార్థాలకి 205 ఫొటోల చొప్పున తీసి అందరికీ ఇచ్చారు. మంచి పనే, కానీ మెరుపు ఎక్కువున్న వాటికి ఆ 205 కోణాలు చాలవు.

ఇప్పటికీ అందరూ వాడే డేటా 2003 నాటిది. మిత్సుబిషి ఎలక్ట్రిక్ వాళ్ళ పరిశోధన సంస్థ మెర్ల్ ల్యాబ్‌లో మాటుసిక్, ఆయన తోటివాళ్ళు 100 పదార్థాలు కొలిచారు, ఒక్కో ఫైలు సుమారు 33 ఎంబీ. 2012లో డిస్నీ వాళ్ళు తమ షేడింగ్ మోడల్ (వస్తువు మీద వెలుగు ఎలా కనబడాలో లెక్కగట్టే సూత్రం) తయారుచేసేటప్పుడు కూడా దీన్నే కూలంకషంగా చూశారు. కిటుకు ఏంటంటే నమూనా గుండ్రంగా ఉండాలి. గోళం మీద ఒక్కో చోట ఉపరితలం ఒక్కో వైపు తిరిగి ఉంటుంది కాబట్టి ఒక్క ఫొటోలోనే బోలెడు కోణాలు వస్తాయి. దానికో షరతు ఉంది: ఉన్నచోటనే ఎటు తిప్పినా ఆ పదార్థం ఒకేలా కనబడాలి. పెయింటు, ప్లాస్టిక్, లోహం, కొన్ని మామూలు గుడ్డలు దీనికి సరిపోయాయి. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు వేసి నేసిన పట్టు ఎలా సరిపోతుంది? అటు తిప్పితే ఒక రంగు, ఇటు తిప్పితే ఒక రంగు, అంచులో జరీ సరేసరి. ఆ చీరకి ప్రాణమే అది.

2005లో న్గాన్, డ్యురాండ్, మాటుసిక్ దీనికి దారి చూపించారు. గుడ్డని వేర్వేరు దిశల్లో పట్టీలుగా కోసి, తిరిగే స్తూపానికి చుట్టి ఫొటోలు తీశారు. అలా వచ్చినవి నాలుగే: గీతలు పడ్డ అల్యూమినియం, పసుపు శాటిన్, ఊదా శాటిన్, ఎర్ర వెల్వెట్. తర్వాత 2014లో బాన్ యూనివర్సిటీ 84 నమూనాలు ఇచ్చింది, వాటిలో గుడ్డలూ ఉన్నాయి. 2018లో డ్యుపుయ్, జాకబ్ అవసరమైన కోణాల్లోనే ఎక్కువ కొలిచే పద్ధతి తెచ్చారు.

కొమ్ము కథ వేరు. వెలుగు లోపలికి దూరి, చెదిరి, ఇంకోచోట బయటికొస్తుంది. 2001లో జెన్సన్ బృందం పాలు, చలువరాయి, బంగాళాదుంప, చర్మం లాంటివి కొలిచి ఒక పట్టిక ఇచ్చింది, చాలామంది ఇప్పటికీ ఆ అంకెలే పెట్టుకుంటారు. 2006లో నరసింహన్, మిగతావాళ్ళు పాలు, కాఫీ, వైన్ లాంటి 40 పదార్థాల్ని నీళ్ళలో బాగా పల్చన చేసి కొలిచారు. పల్చగా ఉంటే వెలుగు ఒక్కసారే చెదురుతుంది, లెక్క తేలిక. కొమ్ముని నీళ్ళలో కలపలేం కదా! అందుకే చలువరాయి అంకెలు తెచ్చి కొమ్ముకి పెడితే బొమ్మ రాయిలా కనిపిస్తుంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

పట్టుకైతే మన దగ్గరే మొదలుపెట్టొచ్చని నా గట్టి నమ్మకం. ఒక జాకెట్టు ముక్క చాలు. పడుగు వెంట, పేక వెంట, ఏటవాలుగా పట్టీలు కోయాలి, చీకటి గదిలో ఒకే దీపం, కెమెరా తనంతట తాను దిద్దని రా ఫార్మాట్‌లో ఫొటోలు, జరీ మెరుపు తెల్లగా మాడిపోకుండా వేర్వేరు ఎక్స్‌పోజర్లు, పక్కన రంగుల చార్టు. పడుగు రంగు, పేక రంగు, దారం మందం నేసినవాళ్ళని అడిగి అదే ఫైల్లో రాసి పెట్టాలి. ఫొటోలో ఎంత వెతికినా దొరకని వివరాలు అవి.