తాత రంగం (రంగూన్)లో పుడితే మనం విదేశీయులమైపోతామా? అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో హిస్టరీ పాఠాలు చెప్పుకుంటూ ఇరవై రెండేళ్లైంది నాకు. వాట్సాప్‌లో పౌరసత్వం మీద ఏదో ఒక మెసేజ్ తిరగడం ఆలస్యం, పాత స్టూడెంట్లో వాళ్ల నాన్నలో రేకు పెట్టెలోంచి కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చేస్తారు. మొన్న ఆదివారం ఒకతను వచ్చి కూర్చోకుండానే "మాస్టారూ, మా తాత రంగంలో పుట్టాడండి, ఇది బయటపడితే మా పని అయిపోయినట్టేనా" అన్నాడు. చేతిలో స్కూలు సర్టిఫికెట్, మడతల దగ్గర చిరుగుతోంది, పుట్టిన ఊరు రంగూన్ (బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, మనవాళ్లు రంగం అనే ఊరు), సంవత్సరం 1928. దాన్ని కాల్చేద్దామని వాళ్ల తమ్ముడు అంటున్నాట్ట!

జనాన్ని నిండా ముంచుతున్న అపోహ ఇదే, బర్మాలో పుట్టినోడంటే పరాయి దేశంలో పుట్టినోడని.

1928లో బర్మా పరాయి దేశం కాదు బాబూ. 1886 నుంచి అది బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు, మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నట్టే అదీ ఇండియాలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న మనం మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిశాం, సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా ఇండియా నుంచి విడిపోయింది. అంతకుముందు గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగం పోవడమంటే ఇప్పుడు మనవాళ్లు సూరత్ మిల్లులకి రైలెక్కడం లాంటిదే, పాస్‌పోర్టూ లేదు వీసా లేదు. ఆ జెట్టీ స్తంభాలు బీచ్‌లో ఇప్పటికీ కనిపిస్తాయి చూడండి. 1931 లెక్కల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా ఇండియన్లే.

ఇక చట్టం. 1950 జనవరి 26 నాటికి ఇక్కడ స్థిరపడి ఉండి, అమ్మానాన్నల్లో ఒకరు ఇండియాలో పుట్టినా, లేదా అంతకుముందు ఐదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా పౌరుడే, రాజ్యాంగం 5వ ఆర్టికల్. ఇతని తాత 1942లో జపాన్ బాంబులకి కాలినడకన వచ్చేశాడు, ముత్తాత పుట్టింది మన గంజాంలోని ఛత్రపురంలో. తండ్రి 1957లో ఇక్కడే పుట్టాడు, ఇతను 1984లో. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు, తాత ఎక్కడ పుట్టాడని చట్టం అడగదు. మరి భయం దేనికి?

నష్టం దాచడంలోనే ఉంది. మా పెదనాన్న కొడుకే ఒక బ్రోకరు మాట విని తండ్రి పుట్టిన ఊరు బరంపురం అని అఫిడవిట్ రాయించాడు, పాత కాగితంలో రంగూన్, కొత్తదాంట్లో బరంపురం, ఇంకేముంది, పాస్‌పోర్టు ఏడాదిన్నర ఆగిపోయింది. 1964 తర్వాత వచ్చిన బర్మా కాందిశీకుల సంగతి వేరు, వాళ్లు ఎంబసీ కాగితాలూ కార్డులూ పోగొట్టుకోకుండా ఒకసారి లాయరుకి చూపించుకోవాలి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా. బర్మా సైనిక పాలకుడు నేవిన్ మనవాళ్లని ఒక్క రాత్రిలో తరిమేశాడంటారు, కాదు. 1930 మేలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల చోట బర్మా వాళ్లని పెట్టుకున్నారు, సమ్మె అయ్యాక ఆ బర్మా వాళ్లని పొమ్మన్నారు, దాంతో కొట్లాట మొదలై మనవాళ్లు చాలామంది చచ్చిపోయారు. 1938లో మళ్లీ గొడవలు, తర్వాత యుద్ధం. నేవిన్ గద్దెనెక్కింది 1962 మార్చిలో, 1964లో షాపులు సర్కారు పరం చేసి 50, 100 చాట్ (బర్మా డబ్బు) నోట్లు కూడా రద్దు చేశాడు.

మనవాళ్లు అక్కడి భూములు లాక్కున్నారనేది ఇంకోటి. అప్పులిచ్చింది తమిళ చెట్టియార్లు, 1930 తర్వాత ధాన్యం ధర పడిపోయి బాకీల కింద పొలాలు వాళ్ల చేతికొచ్చాయి. మనోళ్లు రైసు మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోసి మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చుకున్నవాళ్లు. దెబ్బలు మాత్రం వీళ్లకే. బర్మాలో వదిలేసిన ఆస్తికి పరిహారం ఇప్పిస్తామని ఎవడైనా ఫీజు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

అంతా విని అతను సర్టిఫికెట్ జాగ్రత్తగా మడతపెడుతూ "లామినేషన్ చేయించేయనా మాస్టారూ" అన్నాడు. వద్దయ్యా, పాత కాగితం పాడైపోతుంది, మడతపెట్టకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టు, రెండు జిరాక్సులు తీయించు, ముందు మీ తమ్ముడి దగ్గర అగ్గిపెట్టె లాక్కో అన్నా.