1922 కమిటీ: వెనుక బెంచీల ఎంపీల బలంపై అపోహలు - వాస్తవాలు

బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీలో నాయకుడి కుర్చీ కదిలిన ప్రతిసారీ వినిపించే పేరు 1922 కమిటీ. పదవుల్లేని ఆ పార్టీ ఎంపీల సంఘం ఇది. దీని బలం ఎక్కడుందో సరిగ్గా తెలియక చాలామంది వార్తలను తప్పుగా అర్థం చేసుకుంటారు.

అపోహ: 1922లో అప్పటి ప్రధాని లాయిడ్ జార్జ్ సంకీర్ణ ప్రభుత్వాన్ని కూల్చిన కన్జర్వేటివ్ ఎంపీలే దీన్ని పెట్టారు.

వాస్తవం: కాదు. ఆ సంకీర్ణానికి చరమగీతం పాడిన కన్జర్వేటివ్ ఎంపీల కార్ల్టన్ క్లబ్ సమావేశం 1922 అక్టోబరు 19న జరిగింది. కమిటీ పుట్టింది 1923 ఏప్రిల్‌లో. 1922 ఎన్నికల్లో తొలిసారి గెలిచిన ఎంపీలు సభా వ్యవహారాలు అర్థం చేసుకోవడానికి, ఒకరికొకరు తోడుగా ఉండటానికి పెట్టుకున్నారు. తిరుగుబాటు కోసం పుట్టిన సంఘం కాదిది.

అపోహ: కావలసినన్ని లేఖలు వచ్చేశాయని ఎంపీలే చెబుతున్నారు కాబట్టి నాయకుడిపై ఓటింగ్ ఖాయం.

వాస్తవం: అందరూ బోల్తా పడేది ఇక్కడే. నాయకుడిపై విశ్వాసం లేదంటూ ఎంపీలు కమిటీ అధ్యక్షుడికి లేఖ ఇస్తారు. 2018లో, 2022లో అమలులో ఉన్న నిబంధన ప్రకారం పార్టీ ఎంపీల్లో 15 శాతం మంది ఇస్తేనే ఓటింగ్. 2018లో ప్రధాని థెరిసా మే విషయంలో అది 48, 2022లో ప్రధాని బోరిస్ జాన్సన్ విషయంలో 54. అసలు లెక్క అధ్యక్షుడికి ఒక్కడికే తెలుసు. లేఖ ఇచ్చానని చెప్పుకుని ఇవ్వనివారు ఉండొచ్చు, ఇచ్చి బయటపడనివారు ఉండొచ్చు, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునేవారూ ఉండొచ్చు. 2018 నవంబరులో కొందరు ఎంపీలు లేఖలను బహిరంగంగానే ప్రకటించారు. రేపో మాపో ఓటింగ్ అన్నారు. 48 పూర్తయ్యేసరికి డిసెంబరు వచ్చింది. 2022లోనైతే, రాణి ప్లాటినం జూబ్లీ వేడుకలు ముగిశాకే తమ లేఖను లెక్కలోకి తీసుకోవాలని కొందరు కోరినట్టు అప్పటి అధ్యక్షుడు గ్రాహం బ్రాడీయే చెప్పారు. అందుకే పత్రికల్లో వచ్చే లేఖల లెక్కలను అంచనాలుగానే చూడాలి.

అపోహ: ఓటు వేసేది వెనుక బెంచీల వాళ్లే.

వాస్తవం: ఓటింగ్‌ను నడిపేది కమిటీ. ఓటు మాత్రం మంత్రులతో సహా పార్టీ ఎంపీలందరిదీ, అదీ రహస్యంగా. పార్టీ విప్ కోల్పోయిన, అంటే పార్టీ పక్షం నుంచి పక్కన పెట్టిన ఎంపీకి ఓటు ఉండదు. 2018లో సరిగ్గా ఓటింగ్ ముందు ఇద్దరికి విప్ తిరిగి ఇవ్వడంపై విమర్శలు వచ్చాయి. సమావేశ గదిలో ఎంపీలు బల్లలు చరిచే చప్పుడు విని నాయకుడికి మద్దతుందని అనుకోవడమూ పొరపాటే. ఆ రోజు థెరిసా మేకు అలాగే స్వాగతం పలికారు. రాత్రి లెక్క తేలితే 200 మంది అనుకూలం, 117 మంది వ్యతిరేకం.

అపోహ: ఇందులో ఓడితే ప్రభుత్వం పడిపోతుంది.

వాస్తవం: ఇది పార్టీ ఇంటి వ్యవహారం. ప్రభుత్వంపై అవిశ్వాసం వేరు, అది సభ మొత్తం తేల్చాల్సింది. థెరిసా మే పార్టీ ఓటింగ్‌లో గెలిచిన నెలరోజులకే, 2019 జనవరి 16న, సభలోనూ పరీక్ష ఎదుర్కొని 325-306 తేడాతో నెగ్గారు. పార్టీలో తనకు వ్యతిరేకంగా ఓటేసినవారు సభలో ఆమె ప్రభుత్వాన్ని నిలబెట్టారు.

అపోహ: గెలిస్తే ఏడాదిపాటు ఢోకా లేదు.

వాస్తవం: గెలిచినవారిపై ఏడాదిలోపు మళ్లీ ఓటింగ్ పెట్టకూడదన్న నిబంధన ఉన్నమాట నిజమే. కానీ జాన్సన్ 2022 జూన్ 6న 211-148తో గెలిచి, జులై 7న తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. మంత్రులు వరుసగా రాజీనామా చేశాక ఆ రక్షణకు విలువ లేకుండా పోయింది. జాన్సన్ తర్వాత కొత్తగా ఎన్నికైన లిజ్ ట్రస్‌కూ అదే రక్షణ ఉంది, అయినా అదే ఏడాది అక్టోబరు 20న బ్రాడీని కలిసిన రోజే రాజీనామా ప్రకటించారు. మా దృష్టిలో కమిటీ అసలు బలం ఓటింగ్‌లో కన్నా ఈ కలయికలోనే ఉంది: ఎంపీల మనసులో ఏముందో అధ్యక్షుడు నాయకుడి ముఖం మీదే చెప్పగలడు.

నియమాలు కూడా ఆయుధాలే. నాయకత్వ పోటీకి 2022 జులైలో 20 మంది ఎంపీల మద్దతు చాలన్నారు. అదే ఏడాది అక్టోబరులో 100 మంది కావాలన్నారు. పోటీని రోజుల్లో ముగించాలన్న తొందరలో గీత అంత పైకి జరిపారు. చివరికి బరిలో మిగిలింది రిషి సునాక్ ఒక్కరే.

అపోహ: అన్ని పార్టీల్లోనూ ఇంతే.

వాస్తవం: లేబర్ పార్టీలో 2016 జూన్ 28న అప్పటి నాయకుడు జెరెమీ కార్బిన్‌పై ఎంపీలు 172-40తో అవిశ్వాసం ప్రకటించారు. పార్టీ నియమాల్లో దానికి కట్టుబడాల్సిన అవసరం లేదు కనుక ఆయన దిగలేదు. ఆ తర్వాత పార్టీ సభ్యుల ఓటుతో మళ్లీ గెలిచారు కూడా. ఏ పార్టీ గురించి రాసినా ముందు చూడాల్సింది, ఎంపీల ఓటు నాయకుణ్ని దించగలదా, కేవలం అభిప్రాయమేనా అన్నది.